మామ తీసిన తరుగు

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా గోడ లేస్తున్న రోజుల్లో నా పని తాడు పట్టుకోవడం. ఇంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఐదో తరగతిలో బడి వదిలేసినవాడికి ఇంతకంటే పెద్ద పని ఎవరిస్తారు? తాడు మాత్రం పెద్దదే. దాని ఒక కొన నా చేతిలో, రెండో కొన నీళ్ళ అడుగున పనిచేసే మనిషి నడుముకు. పైన నేను ఏమరితే కింద ఆయన ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆవలింత వచ్చినా నోరు మూసుకునే ఆవలించేవాణ్ణి.

ఆ మనిషిని అన్నా అని పిలిచేవాణ్ణి. సముద్రం పక్క ఊరివాడు. నా మాట ఆయనకు నవ్వు, ఆయన మాట నాకు నవ్వు. ‘వెళ్దాం’ అని ఆయనంటే ‘పోదం’ అని నేను సరిదిద్దేవాణ్ణి. ఆయన వీపుకు గాలి నింపిన సిలిండరు కట్టుకుని, నోట్లో రబ్బరు గొట్టం పెట్టుకుని, ముఖానికి అద్దం బిగించుకుని దిగేవాడు. అటువంటి సరంజామా మా దగ్గర ఒక్కటే ఉండేది. ఆ సిలిండరుకు గాలి ఎక్కించే మిషను కూడా మా షెడ్డులో తప్ప చుట్టుపక్కల ఎక్కడా లేదు.

తాడుకు కొన్ని మాటలు వచ్చు. ఒకసారి గుంజితే వదులు చెయ్యమని, రెండుసార్లు గుంజితే ఆగమని, మూడుసార్లు గుంజితే పైకి లాగమని. ఇవి నీళ్ళలో దిగే పనివాళ్ళందరికీ తెలిసినవే. ఇవి కాక మాకు సొంతంగా ఇంకొక మాట ఉండేది. మా బాపు గొర్లకాపరి. మంద మేస్తున్నంతసేపూ గట్టు మీది నుంచి మధ్యమధ్య ఒక కూత వేస్తాడు. అవతలి గట్టు మీద మా చిన్నాయన తిరిగి ఒక కూత వేస్తాడు. ‘ఉన్నవా’ అంటే ‘ఉన్న’ అని. అంతకు మించి దానికి అర్థం లేదు, అక్కర కూడా లేదు. ఆ కూతను నేను తాడులోకి దింపాను. నాలుగు చిన్న గుంజులు గుంజితే, ఉన్నవా. తిరిగి నాలుగు గుంజితే, ఉన్న. మొదట్లో అన్న నవ్వాడు. ‘గొర్రెననుకున్నావురా నన్ను?’ అన్నాడు. తర్వాత చీకటి నీళ్ళలో ఆయన ఎక్కువగా వాడింది దాన్నే.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా దగ్గర మనుషులు కూడా పగిలేటట్టున్న ఒక మధ్యాహ్నం అన్నకు తంతి వచ్చింది. చదివి, నా చేతికిచ్చి, మళ్ళీ తీసుకున్నాడు. నాకు చదవడం నెమ్మది అని ఆయనకు గుర్తొచ్చింది.

‘‘ఏందన్నా?’’

‘‘మా అన్నయ్య.’’

అన్నకు ఒక అన్న ఉన్నాడు. ఈ పని ఆయనకు నేర్పింది ఆ పెద్దాయనే. దక్షిణాన, పడమటి కొండల్లో కడుతున్న ఒక ఆనకట్ట దగ్గర పనిచేస్తున్నాడు. అక్కడ వానలు మనకంటే ముందు పడతాయి. నీళ్ళు లేస్తున్నాయి. అడుగున ఒక గేటుకు గొలుసు ఇరుక్కుని పైకీ పోవడం లేదు, కిందికీ రావడం లేదు. పెద్దాయన తొడుక్కుని దిగే, పైనుంచి గొట్టంతో గాలి అందే పాతకాలపు రబ్బరు చొక్కా చిరిగిపోయింది. తంతిలో ఉన్నది ఇంతే: ఎల్లుండి పొద్దుటిలోపల సామాను తీసుకుని రా, లేకపోతే నేనే దిగుతాను.

‘‘ఎట్ల దిగుతడు? చొక్క చినిగింది గద.’’

‘‘ఊపిరి బిగబట్టి.’’

‘‘బెదిరిస్తుండు కావచ్చు.’’

‘‘మా అన్నయ్యకు బెదిరించడం రాదురా. అదే వస్తే ఇంత ఫికర్ లేదు.’’ మా మాట ఆయన నోట్లో పడిందంటే బెంగ ఎంత పెద్దదో నాకు తెలిసిపోయింది. ‘‘ఇదివరకు అట్లా దిగి చెవుల్లోంచీ ముక్కులోంచీ నెత్తురు కార్చుకున్నాడు. ఇకమీద ఆ చొక్కా లేకుండా నీళ్ళలో తల ముంచొద్దని డాక్టరు చెప్పాడు. ఈసారి దిగితే పైకి రాడు.’’

రైలుకు పోతే పుణ్యకాలం గడిచిపోతుంది. ఇంజనీరు సారు ఎవరెవరికో ఫోన్లు చేసి మర్నాటి విమానానికి మా ఇద్దరికీ సీట్లు సంపాదించాడు. బేగంపేట నుంచి బెంగుళూరు, అక్కడి నుంచి జీపు. సిలిండరు తీసుకుపోవడానికీ, ఖర్చు ప్రాజెక్టు లెక్కలో రాసుకోవడానికీ చీటీ కూడా రాసి ఇచ్చాడు. ఇచ్చి ఒక మాటన్నాడు: ‘‘మనిషికి ఇరవై కిలోల సామాను. విమానం నిండిపోయింది. అరకిలో ఎక్కువున్నా దించేస్తారు. నేను అక్కడికి రాలేను, నా పేరు చెప్పినా వినరు.’’

ఆ సాయంత్రం షెడ్డులో సరంజామా అంతా నేల మీద పరిచి ఒక్కొక్కదాన్నీ చంపుకుంటూ వచ్చాం. మొదట చెక్కపెట్టె పోయింది. దానికే సగం బరువు. నీళ్ళలో తేలిపోకుండా బరువుకు నడుముకు కట్టుకునే సీసం పట్టీ పోయింది. అక్కడ కొండలున్నాయట, రాళ్ళకు కరువా, గోనె ముక్కలో మూట గడదాం అన్నాను. కాళ్ళకు తొడిగే రబ్బరు రెక్కలు పోయాయి. గేటు బావిలో నిట్టనిలువునా దిగేవాడికి ఈత అక్కర్లేదు. పానాలూ రంపాలూ పోయాయి. ఇనుము అక్కడా ఇనుమే.

మిగిలింది సిలిండరు, దాని పట్టీలు, గాలిని మెత్తబరిచి నోటికిచ్చే ఇత్తడి యంత్రం, అద్దం, నీళ్ళలో వెలిగే దీపం, చలికి లోపల వేసుకునే ఉన్ని బట్టలు, తాడు.

అన్న తాడు వైపు చూశాడు. నేను అడ్డం నిలబడ్డాను.

‘‘దాన్ని చూడకు.’’

‘‘చూస్తే అరుగుతుందా?’’

‘‘అరుగది గని, నీకు పాడు ఆలోచనలు వస్తయి. కొబ్బరినార తాడు తోటి ఒకపారి దిగి చూసినవ్ గద. అది నీళ్ళు తాగి ఉబ్బి, నువ్వు కింద మూడుసార్లు గుంజితె నాకు ఒక్కటి గూడ అందలే. అప్పుడే మర్శిపోయినవా?’’

మరిచిపోలేదు. ఆ రోజు నాకు అనుమానం వచ్చి లాగాను కాబట్టి ఇవాళ నాతో వాదిస్తున్నాడు. తాడు మూటలోకి పోయింది.

మా బట్టలు ఒంటి మీదవే. గొంగడి కూడా వద్దనుకున్నాను. గొంగడి లేకుండా గడప దాటానని తెలిస్తే మా బాపు నన్ను మనుషుల్లో లెక్కపెట్టడు. దానికి ఆయనకు తర్వాత జవాబు చెప్పుకోవచ్చు అనుకున్నాను. చివరికి అంతా రెండు గోనె సంచుల్లోకి వచ్చింది. ఇప్పుడు తూచాలి. మా దగ్గర సిమెంటు లారీలు తూచే కాంటా ఉంది. దాని మీద మూటలు పెడితే ముల్లుకు చీమ కుట్టినట్టు కూడా కాలేదు. వంటశాలలో పప్పు తూచే తక్కెడ ఉంది. దానికి సిలిండరు చూపిస్తేనే గొలుసులు తెగేటట్టున్నాయి.

‘‘నకిరేకల్ల మా మామ ఉన్నడు. రేపు పొద్దుగాల లారీ గటే పోతది. జర ఆగి తూపిచ్చుకుందం’’ అన్నాను.

‘‘మీ మామ సరిగ్గా తూస్తాడా?’’

‘‘మా మామ తూచినంక దేవుడు గూడ మళ్ల తూచడు.’’

తెల్లవారుతూనే హైదరాబాదు పోయే ఖాళీ లారీ ఎక్కాం. హాలియా, నల్లగొండ దాటేటప్పటికే రేకు కాలడం మొదలుపెట్టింది. అన్న సిలిండరు మూటను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా దాన్ని పొదువుకుంటున్నాడు. ఎన్ని మాటలు చెప్పినా నవ్వలేదు. నేను నవ్వించలేని రోజులు నా జీవితంలో తక్కువ.

నకిరేకల్ మార్కెట్టులో అప్పటికే బస్తాలు దిగుతున్నాయి. మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, అక్కడ కాంటాదారు. మూడు కర్రలకు వేలాడే పెద్ద తక్కెడ ముందు నిలబడి పొద్దున్నుంచి సందె దాకా బరువులు పాడుతాడు. చదవడం కాదు, చెప్పడం కాదు, పాడటమే. ఆయన గొంతు రోడ్డు అవతలి హోటలుకు వినిపిస్తుంది. కొత్తగా కిలోలు వచ్చినా ఆయన రాగం మాత్రం శేర్ల కాలంనాటిదే. రైతులు ఆయన్ను తిట్టుకుంటారు, షావుకార్లు మెచ్చుకుంటారు. గోనెకింత, దుమ్ముకింత, తేమకింత అని బస్తా బస్తాకూ తరుగు తీసి పాడే మనిషి మరి. రైతు పుణ్యానికి నాలుగు గింజలు పిట్టకు వేస్తే దాంట్లో కూడా తరుగు తీస్తాడని మా ఇంట్లో ఎగతాళి.

‘‘ఏం రా అల్లుడా, ఏం తెచ్చినవ్?’’

‘‘గాలి తెచ్చిన మామా.’’

‘‘గాలికి ఈ వారం ధర లేదు. కందులుంటె చెప్పు.’’

‘‘మజాక్ కాదు మామా. విమానంల పోవాలె. ఒక్కొక్క మూట ఇరవై కిలోలు దాటొద్దు. దాటితె ఒక మనిషి పాణం పోతది. మంచిగ చూసి చెప్పు.’’

మామ మా ఇద్దరి ముఖాలూ చూశాడు. ఆడిస్తున్న తలపాగా కొన ఆపేశాడు. ముందున్న రైతును పక్కకు జరిపి మా మూటను ఎక్కించాడు. రాళ్ళు మార్చి మార్చి పెట్టాడు. ముల్లు నిలబడేదాకా ఊపిరి కూడా గట్టిగా వదల్లేదు. నిలబడ్డాక తల పైకెత్తి పాడాడు: ఇరవై. రెండో మూటకు: పంతొమ్మిదిన్నర.

అన్న భుజాలు ఆ రోజు మొదటిసారి కిందికి దిగాయి.

‘‘అరకిలో మిగిలింది. మామిడిపండ్లు కొందమా?’’ అన్నాను.

‘‘నోరు మూసుకుని ఎక్కు’’ అన్నాడు గాని, నవ్వాడు.

బేగంపేటలో లారీ మమ్మల్ని దించేటప్పటికి ఎండ నడినెత్తికి వస్తోంది. అద్దాల అవతల విమానం కనిపిస్తోంది. నేను దాన్ని ఆకాశంలో తప్ప ఎన్నడూ చూడలేదు. నేల మీద, తోక కిందికి వాల్చి, ముక్కు పైకెత్తి, మేత కోసం చూసే పోతులాగా ఉంది. సామాను తూచే చోట ఒక గుమాస్తా, ఆయన పక్కన గుండ్రటి ముఖమున్న కాంటా. తెల్ల చొక్కాల మనుషులు తోలుపెట్టెలు పెడుతున్నారు, తీస్తున్నారు. మా గోనె మూట దాని మీద కూర్చుంటే పెళ్ళివారి పంక్తిలో పాలేరు కూర్చున్నట్టుంది.

ముల్లు ఇరవై దగ్గరికి వచ్చింది. ఆగలేదు. ఇరవై రెండు దాకా పోయి అక్కడ నిలబడింది.

గుమాస్తా రెండో మూట పెట్టమన్నాడు. అది కూడా పాడిన దానికంటే రెండు కిలోలు పైకి పోయింది.

‘‘ఎక్కువుంది. దించండి’’ అన్నాడు.

‘‘మీ కాంటా తప్పు. పొద్దున్నే తూపించుకుని వచ్చాం’’ అన్నాడు అన్న.

గుమాస్తా పక్కనున్న రెండు ఇనుప రాళ్ళు దాని మీద పెట్టాడు. ముల్లు ఎక్కడ నిలవాలో అక్కడే నిలిచింది. అప్పుడు నాకు మామ ముఖం కళ్ళ ముందు కనిపించింది. ముల్లు నిలబడ్డాక తల పైకెత్తడానికీ, పాట ఎత్తుకోవడానికీ మధ్య ఒక రెప్పపాటు ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. తరుగు తీసేది ఆ రెప్పపాటులోనే. గోనె కనిపిస్తే ఆయన నాలుక తనంతట తానే తగ్గించి పాడుతుంది. మనిషి ప్రాణం పోతుందని చెబితే ఇంకా శ్రద్ధగా, ఏ పొరపాటూ లేకుండా, సంచికి రెండు కిలోల తరుగు తీశాడు.

‘‘అన్నా, మా మామ తరుగు తీసిండు.’’

‘‘ఏంటి తీశాడు?’’

చెప్పాను. సముద్రం పక్క మనిషి కదా, అర్థం కావడానికి కొంచెం పట్టింది. అర్థమయ్యాక నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడ గడియారం వైపు చూశాడు.

‘‘ఎక్కువైనదానికి పైసలు కడతం సారూ, మా సారు చీటీ ఉన్నది’’ అన్నాను గుమాస్తాతో.

‘‘పైసలు కడితే విమానం లేస్తుందా బాబూ? సీట్లన్నీ నిండినయ్. ఈ ఎండలకు గాలి పలచబడి అది మోసేదే తక్కువ. అందుకే ఇయ్యాల మనుషుల్ని కూడా తూస్తున్నం.’’

ఆ చివరి మాట మాకు ఆలస్యంగా తలకెక్కింది. అప్పటికే అన్న మూట విప్పి ఉన్ని చొక్కా తలలోంచి దూర్చుకుంటున్నాడు. రోహిణి కార్తె మధ్యాహ్నం. నేను తాడును అంగీ కింద నడుముకు చుట్టుకోవడం మొదలుపెట్టాను. తోలుపెట్టెల మనుషులు తిరిగి తిరిగి చూస్తున్నారు. నా నడుము పత్తి బోరెం లాగా లావెక్కింది.

‘‘మనుషుల్ని గూడ తూస్తం అన్న గద’’ అన్నాడు గుమాస్తా, ఈసారి మెల్లగా. ‘‘ఒంటి మీదుంటే ఏంది, మూటలుంటే ఏంది? మోసేది అదే విమానం.’’

ఆయన మాటలో వెక్కిరింపు లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. చుట్టిన తాడు చుట్టినట్టే విప్పాను.

గుమాస్తా మూటలోంచి బయటికి కనిపిస్తున్న సిలిండరును చూశాడు. ‘‘దీంట్ల ఏమున్నది?’’

‘‘గాలి’’ అన్నాడు అన్న.

‘‘ఉత్త గాలేనా? వదిలెయ్యండి మరి. కొంత తగ్గుతది.’’

నేను నవ్వబోయాను. గాలికి బరువేమిటని. అన్న నవ్వలేదు. ‘‘తగ్గుతుంది. కుదించి నింపిన గాలి కదా, రెండు కిలోల పైనే ఉంటుంది’’ అన్నాడు. నేను ఐదో తరగతి దాటి ఉంటే ఇది ముందే తెలిసేదేమో. మా మామ గాలికి ధర లేదన్నాడు గాని, దానికీ బరువు కట్టి పాడాడన్నమాట.

‘‘వదిలేస్తే అక్కడ నింపడానికి మిషను లేదు. ఆ గాలి మోసుకుపోవడానికే ఈ సామానంతా’’ అన్నాడు అన్న.

గుమాస్తా తల ఊపాడు. వెనక నిలబడ్డ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. బయట నిచ్చెన తోసుకుంటూ ఇద్దరు విమానం దగ్గరికి పోతున్నారు.

అన్న మూట ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే చేత్తో తాకి చూశాడు. దీపం తీస్తే చీకటి. అద్దం తీస్తే గుడ్డి. ఉన్ని తీస్తే కొండనీళ్ళకు చేతులు కొంకర్లు పోయి గొలుసు పట్టుకోలేడు. చెయ్యి తాడు మీదికి వచ్చి ఆగింది. అదొక్కటి తీస్తే సరిపోతుంది, ఇంచుమించు.

‘‘అక్కడ ఏదో ఒక తాడు ఉంటుంది’’ అన్నాడు, నా వైపు చూడకుండా.

‘‘ఉంటది. కొబ్బరినారది.’’

‘‘ఏం చెయ్యమంటావురా? గాలి వదలనా? మా అన్నయ్యను వదలనా?’’

ఆయన గొంతు పెంచలేదు. గుమాస్తా మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని కాంటా మీద నిలబడమన్నాడు, మనుషుల లెక్క ఎట్లాగూ రాసుకోవాలి కదా అని. అన్న నిలబడి దిగాడు. తర్వాత నేను ఎక్కాను. ముల్లు గిర్రున తిరిగింది. జొన్నగట్కా తిని పెరిగిన బక్క ఒళ్ళు నాది. అయినా రెండు మూటలు కలిపినదాని కంటే ఎక్కువే తూగాను. కింద పెట్టి ఉన్న మూటల్ని చూశాను, ముల్లును చూశాను. మా మామ అయితే ఒక్క రెప్పపాటులో తేల్చేసేవాడు.

‘‘సారూ, నేను దిగిపోతె?’’

గుమాస్తా పెన్సిలు ఆపాడు.

‘‘నేను పోను. నా బరువు మిగులుతది గద. ఆ రెండు మూటలూ అట్లనే ఎక్కుతయా?’’

‘‘ఎక్కుతయ్. జాగా ఉంటే, ఎక్కువదానికి చీటీ చెల్లుతది. పైలెటును అడుగుత’’ అని ఆయన లేచి పోయాడు.

అన్న నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ‘‘నువ్వు లేకుండా నేను దిగను.’’

‘‘నువ్వు దిగకుంటె మీ అన్న దిగుతడు.’’

‘‘తాడు ఎవడు పడతాడురా?’’

‘‘మీ అన్నే పడతడు. నీకు నేర్పింది ఆయన గాదూ? చేతిల తాడుంటె ఆయన గూడ నీళ్ళల దుంకడు. కట్టేసినట్టుంటది. రెండు పనులు ఒక్కసారే అయితయి.’’

ఆ మాట నేను తమాషాకే అన్నాను. అన్నాక అదే నిజమనిపించింది. ఆయనకు కూడా అనిపించినట్టుంది, చేతి పట్టు సడలింది.

‘‘నీకు విమానం ఎక్కాలని ఉంది కదరా.’’

‘‘ఎక్కిన అనే చెప్త. ఊర్లె ఎవడు చూసొచ్చిండు?’’

గుమాస్తా దూరం నుంచే చెయ్యి ఊపాడు. రెండు మూటల మీదా చీటీలు కట్టారు. అన్న మళ్ళీ ఉన్ని చొక్కా తీసి లోపల కుక్కుతుంటే నేను తాడును చుట్టలు సరిచేసి మూతి కట్టాను. అప్పుడే నాకు ఒక సంగతి తట్టింది.

‘‘అన్నా, ఒక్క మాట. ఆడ మన గుంజుడు గుంజకు.’’

‘‘ఏది?’’

‘‘నాలుగు. ఉన్నవా అని. మీ అన్నకు అది తెల్వదు. మూడు దాటి గుంజితె పాణం పోతాందనుకుంటడు. గొలుసు సగం తెగినంక నిన్ను పైకి గుంజేస్తడు. మళ్ల దిగెతందుకు గాలి ఉండదు.’’

‘‘చెబుతాలే ఆయనకు.’’

‘‘చెప్పు. కని ఆ హడావిడిల ఆయనకు యాదికుంటదో ఉండదో. నువ్వే అడగకు. నేను ఆడ ఉండనని నీకెరికే గద.’’

ఆయన సరేనన్నాడు. నీళ్ళలో చెయ్యి తనంతట తాను చేసే పని అది. అడగకుండా ఉండటం ఎంత కష్టమో మా ఇద్దరికీ తెలుసు. ఎండలోకి నడిచి వెళ్ళి నిచ్చెన ఎక్కేటప్పుడు ఒకసారి వెనక్కి చూశాడు. నేను ఖాళీ చేతులతో నిలబడ్డాను. విమానం పరుగెత్తీ పరుగెత్తీ, ఇంక గోడకు కొట్టుకుంటుందేమో అనుకునేటప్పుడు లేచింది.

నేను బస్సెక్కి నకిరేకల్లో దిగాను. మార్కెట్టు ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరినీ అడగకుండా పోయి మామ తక్కెడ పళ్ళెంలో కూర్చున్నాను.

‘‘తూచు మామా.’’

‘‘ఏం రా, విమానం గింత జల్ది తిరిగొచ్చిందా?’’

చెప్పాను. మామ విన్నాడు. రాళ్ళు పక్కన పెట్టాడు. తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

‘‘గోనె సంచిల తెచ్చినవ్. గోనె ఉన్నంక తరుగు తియ్యకుంటె ఎట్ల?’’

‘‘పాణం పోతదని చెప్పిన గద మామా.’’

‘‘అందుకే గద ఇంకింత మంచిగ తీసిన. విమానపోళ్ళు గోనెకు తరుగు తియ్యరా? గిదేం బేరం?’’ అని ఆగాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: ‘‘ఆ మనిషి బతుకుతడా?’’

‘‘తెల్వదు.’’

ఆ తర్వాతి బస్తా మామ పాడలేదు. మామూలు గొంతుతో, ముల్లు ఎంత చూపించిందో అంతే చెప్పాడు. రైతు నమ్మలేక మళ్ళీ చెప్పమన్నాడు. షావుకారు గుమాస్తా కసురుకున్నాడు. నేను మామ ఇంట్లో అన్నం తినకుండానే నందికొండ బస్సెక్కాను.

షెడ్డులో మిగిలినవి చెక్కపెట్టె, సీసం పట్టీ, రబ్బరు రెక్కలు, నేను. పనికిరానివన్నీ ఒకచోట చేరాం. తంతి ఆఫీసు ముందు నుంచి రోజుకు ఎన్నిసార్లు నడిచానో, ఆ తంతి గుమాస్తా నన్ను చూడగానే లేదన్నట్టు తల అడ్డంగా ఊపడం అలవాటు చేసుకున్నాడు. వంటశాలలో మేస్త్రీలు ఒక ముచ్చట చెప్పమని పట్టుబట్టారు. నోరు తెరిచి మధ్యలో మరిచిపోయాను. వాళ్ళు దానికే నవ్వారు. మరిచిపోవడం కూడా ముచ్చటే అనుకున్నారు. నాకు మాత్రం కూర్చున్నచోట అరచేతులు తాడు పట్టుకున్నట్టు ముడుచుకునేవి. ఇప్పుడు దిగి ఉంటాడు, ఇప్పుడు గొలుసు అంది ఉంటుంది, ఇప్పుడు చెయ్యి దురద పెడుతూ ఉంటుంది, అడగకు, అడగకు అనుకునేవాణ్ణి.

తంతి రాలేదు. ఒక మధ్యాహ్నం సిమెంటు లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. మొదట రెండు గోనె మూటలు దిగాయి. తర్వాత అన్న దిగాడు. నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి. ఆయన వెనక, లారీ అంచు పట్టుకుని, తెల్లజుట్టు మనిషి ఒకడు నెమ్మదిగా దిగాడు. ఎవరని అడగక్కర్లేకపోయింది. అదే ముక్కు, అదే భుజాలు, ఇంకొంచెం పాతబడ్డాయి అంతే.

‘‘తాడు వీడిదేనా?’’ అన్నాడు ఆ పెద్దాయన, నన్ను చూపించి.

‘‘వీడిదే’’ అన్నాడు అన్న.

‘‘నువ్వు మనిషివేనా? నాలుగుసార్లు గుంజితే ఏంట్రా అర్థం?’’

నేను అన్న వైపు చూశాను. అన్న బొప్పి తడుముకున్నాడు.

‘‘గుంజినవా?’’ అన్నాను.

‘‘ఆయనకు చెప్పడం మరిచానురా. గుంజింది మాత్రం పని అయ్యాకే. గొలుసు తెగింది, గేటు కదిలింది, అంతా అయ్యింది. అప్పుడు చెయ్యి ఆగలేదు.’’

‘‘గేటు కదిలిన సంగతి పైన నా కాళ్ళకు తెలిసింది’’ అన్నాడు పెద్దాయన. ‘‘హమ్మయ్య అనుకునేలోపల తాడు ఎగిరింది. మూడు దాకా నాకు తెలుసు. నాలుగోది రాగానే వీడు చచ్చాడనుకున్నాను. ఉన్న బలమంతా పెట్టి లాగాను. దారిలో గోడంతా వీడి తలకు తగిలింది.’’

‘‘చెప్పిన గద అన్నా, అడగొద్దని. నేను ఆడ లేనని ఎరికే గద. ఎవరిని అడిగినవ్?’’

అన్న మూటలు లోపలికి మోసుకుపోయాడు.

పెద్దాయనకు కూర్చోవడానికి చెక్కపెట్టె చూపించాను. కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాను. తాగి, చెంబు కింద పెట్టి, మళ్ళీ అదే అడిగాడు. నాలుగంటే ఏమిటని. మా బాపు కూత సంగతి చెప్పాను. ఉన్నవా అంటే ఉన్న అని, అంతకు మించి ఏం లేదని చెప్పాను.

‘‘దానికోసమా వీడి తల పగలగొట్టాను?’’ అన్నాడు.

అన్న లోపల్నుంచి తాడు తెచ్చి ఎండలో ఆరబెట్టడానికి విప్పుతున్నాడు. పెద్దాయన దాని కొన ఒకటి అందుకుని, రెండో కొన నాకు విసిరి, దూరంగా పొమ్మని చేత్తో సైగ చేశాడు. షెడ్డు చివరి దాకా పోయి నిలబడ్డాను. తాడు బిగిసింది. ఆయన కళ్ళు మూసుకుని నాలుగుసార్లు గుంజాడు, కొంచెం మొరటుగా. కొత్త చెయ్యి కదా.

నేను నవ్వుతూ ఉండిపోయాను. ఆయన కళ్ళు తెరిచి, ముఖం చిట్లించి, మళ్ళీ నాలుగుసార్లు గుంజాడు. ఈసారి ఆలస్యం చేయకుండా తిరిగి గుంజాను.